శ్రుతి ఇచ్చే కుర్చీ

మా ల్యుంగ్‌హావన్ ఆర్కెస్ట్రాలో ఇరవయ్యారేళ్ళు శ్రుతి ఇచ్చింది నేను. పేరు వాల్డెమార్ స్కోవ్, మొదటి ఓబో, అంటే సన్నాయికి చుట్టమైన వాయిద్యం. కచేరీ మొదలవబోయే ముందు హాల్లో దగ్గులు ఆగిపోతాయి. వయొలిన్ల పెద్ద ఎగిల్ లేచి నా వైపు తల తిప్పుతాడు. నేను ఒకే ఒక్క స్వరం ఊదుతాను. యాభై ఎనిమిది మంది ఆ స్వరానికి తమ వాయిద్యాలు సరిచేసుకుంటారు. ముందు వరసలో బిషప్ కూర్చున్నా సరే, రాజుగారే వచ్చి కూర్చున్నా సరే, ఆ అర నిమిషం మాత్రం నాది. ఈ మాట ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోలేదు. మా దేశంలో గొప్పలు చెప్పుకునేవాణ్ణి కాఫీకి కూడా పిలవరు. మనసులో అనుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

నా పక్క కుర్చీ యెప్పెది. రెండో ఓబో. రొట్టెల బట్టీ వాళ్ళ కొడుకు. పదహారేళ్ళప్పుడు పిండి అంటిన చేతులతో వచ్చి మా ఇంటి తలుపు కొట్టాడు. ఓబో ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఎక్కడ దాచుకోవాలో, రెల్లు చెక్కి దారం చుట్టి రీడు ఎలా కట్టుకోవాలో, అన్నీ మా వంటింటి బల్ల దగ్గరే నేర్పాను. ఓబో వాడికి రీడే గొంతు. వెంట్రుకవాసి ఎక్కువ గీకినా, వెంట్రుకవాసి పొట్టిగా కోసినా ఆ గొంతు మారిపోతుంది. మొదటి ఏడేళ్ళు వాడు నేను చెక్కిన రీడులతోనే వాయించాడు. ఆ తర్వాత పదకొండేళ్ళుగా నా పక్కనే కూర్చున్నాడు. ఏకై వచ్చినవాడు మేకై కూర్చుంటాడని అప్పుడు నాకు తట్టలేదు.

పందొమ్మిది వందల యాభై ఏడు అక్టోబరులో ఆస్గర్ ఫ్రీస్ మా ఇంటికొచ్చాడు. మా ఊరివాడే. కోపెన్‌హాగన్‌లో ఉండి సంగీతం రాస్తాడు. ఏదో పత్రిక క్రిస్మస్ సంచికలో ఎవరో బడిపంతులు రాసిన కథ ఒకటి చదివాడట, దాన్ని ఆర్కెస్ట్రాకి రాస్తున్నానన్నాడు. కాఫీ తాగుతూ ఆ కథంతా చెప్పాడు. పడమటి తీరంలో ఒకావిడ. పొగమంచు కమ్మిన రోజుల్లో ఇసుకదిబ్బ మీద నిలబడి మొగుడి పడవని గొంతెత్తి పిలిచేది. మొగుడు ఒక ఏడు తిరిగి రాలేదు. ఆవిడ మాత్రం పిలవడం మానలేదు. ముప్పై ఏళ్ళు ఆ పిలుపు పట్టుకునే ఊళ్ళో మిగతా మగాళ్ళంతా ఒడ్డు చేరారు.

"ఆవిడ గొంతుకి ఏ వాయిద్యం పెట్టమంటారు, వాల్డెమార్ గారూ?" అని అడిగాడు.

"ఇది కూడా అడగాలా? ఆడమనిషి గొంతంటే ఓబోయే" అన్నాను.

ఆలోచిస్తూ తలూపాడు. మా ఆవిడ మెట్టె చేసిన ఆపిల్ కేకు మూడు ముక్కలు తిని వెళ్ళాడు. ఆ మూడు ముక్కల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ చలికాలమంతా రోజూ గంటసేపు ఆ పిలుపు కోసమే రీడులు చెక్కాను. ఎలా ఉంటుందో తెలియని పాటకి గొంతు సిద్ధం చేసుకున్నాను. జనవరిలో ఎవరి స్వరాల కాగితాలు వాళ్ళకి వచ్చాయి. నా కాగితం ఆ చివర నుంచి ఈ చివరకి వెతికాను. పిలుపు లేదు. పక్కకి చూస్తే యెప్పె చెవుల దాకా ఎర్రబడి ఉన్నాడు. పిలుపంతా వాడి కాగితంలో ఉంది. ఆస్గర్ దాన్ని ఇంగ్లీష్ హార్న్‌కి రాశాడు. అది ఓబోకి అక్కలాంటిది. ఒళ్ళు పొడుగు, గొంతు కాస్త బొంగురు. ఏ ఆర్కెస్ట్రాలోనైనా ఆనవాయితీగా రెండో ఓబో వాడే దాన్ని వాయిస్తాడు. మరి నాకు ఏమిచ్చాడు? చిట్టచివర, పిలుపు ముగిశాక, నీళ్ళ మీద దాని ప్రతిధ్వని. ఒక్క ముక్క. నా శిష్యుడు పాడితే నేను ప్రతిధ్వనించాలి!

మొదటి రిహార్సల్‌లోనే నా పని అయిపోయింది. మాలో ఒక అలవాటు ఉంది. తోటివాడు బాగా వాయిస్తే చప్పట్లు కొట్టడానికి మా చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి బూట్లు నేలకేసి రుద్దుతాం. ఇరవయ్యారేళ్ళలో నా కోసం నాలుగుసార్లు రుద్దారు. ఏ నెల, ఏ తారీకు అని అడిగితే ఇప్పటికీ చెప్పగలను. యెప్పె పిలుపు ముగించగానే స్టేజీ అంతా బూట్ల చప్పుడు. వెనకాల ఢంకా వాయించే ముసలాయన కూడా రుద్దాడు, ఆయనకి మోకాళ్ళ నొప్పులు. నేనూ ఒక కాలు కదిపాను. ఒక్కటే.

విరామంలో ఆస్గర్ని పట్టుకున్నాను.

"ఓబో అన్నాను కదయ్యా నీతో?"

"అన్నారు. కాని మీ ఓబో మరీ శుభ్రంగా ఉంటుంది, వాల్డెమార్ గారూ. ఆవిడది ముప్పై ఏళ్ళు అరిచి అరిచి అరిగిపోయిన గొంతు."

"మరి నన్నడగడం ఎందుకు?"

"మీరు చెప్పాకే కదా, అది కాదని నాకు తెలిసింది" అన్నాడు, నాకేదో మేలు చేసినట్టు మొహం పెట్టి.

తర్వాతి వారం పత్రికలో యెప్పె ఫొటో వేశారు. వాళ్ళ నాన్న దాన్ని కత్తిరించి బట్టీ కిటికీలో, దాల్చినచెక్క రొట్టెల మధ్య నిలబెట్టాడు. మాకు రొట్టె వాళ్ళ దగ్గరే కొనడం అలవాటు. నేను రెండు వీధులు అవతల ఉన్న బట్టీకి వెళ్ళడం మొదలుపెట్టాను.

"ఈ రై రొట్టె ఇటుకలా ఉందేమయ్యా?" అంది మెట్టె.

"ఇదే ఒంటికి మంచిది."

"యెప్పె ఫొటో చూశావా? ఎంత బాగా పడిందో!"

"ముక్కు పెద్దదిగా పడింది."

"వాడి ముక్కు ఎప్పుడూ అంతే. నీ కడుపులో మంటే ఈ మధ్య పెద్దదైంది. సోడా ఉప్పు ఇవ్వనా?"

నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. ఉన్న మాటే చెప్తాను. వాడి మీద నాకు అసూయ పుట్టింది. పుట్టి ఊరుకోలేదు, పొద్దున నాకంటే ముందే లేచేది. గడ్డం గీసుకుంటుంటే అద్దంలో వాడు కనపడేవాడు. వాడు మంచివాడు కాకపోయి ఉంటే ఎంత బాగుండేది! రిహార్సల్లో వాడొక సాయం అడిగాడు.

"మాస్టారూ, పిలుపు ముందు దాకా నేను రెండో ఓబో వాయిస్తూనే ఉండాలి. ఆ లోపల హార్న్ స్టాండు మీద చల్లబడిపోతోంది. ఆ చోట మీకు ఒక నిమిషం ఖాళీయే కదా, దాన్లోకి కాస్త వెచ్చగా ఊపిరి వదుల్తారా?"

చల్లబడిన కొయ్య శ్రుతి దిగిపోతుంది. మా వాయిద్యాలన్నిటిదీ అదే గుణం. పక్కవాడు ఊపిరి ఊది వెచ్చబెట్టడం మాలో మామూలు సాయమే. నేను వాడి వైపు తిరగనైనా తిరగలేదు.

"నా ఊపిరి నాక్కావాలి. ప్రతిధ్వని ఉంది నాకు" అన్నాను.

"అలాగే మాస్టారూ" అన్నాడు. అంతే.

మొదటి ప్రదర్శన ఫిబ్రవరిలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి. శనివారం నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఒక రీడు తీసుకుని, దాని కొన మామూలు కంటే వెంట్రుకవాసి పొట్టిగా కోశాను. పొట్టి రీడు శ్రుతి పైకి పోతుంది. ఎంత లాగినా కిందికి రాదు. పొరపాటున కోయలేదు, కావాలనే కోశాను. రేపు నేను శ్రుతి కాస్త హెచ్చుగా ఇస్తాను. యాభై ఎనిమిది మందీ దానికే కట్టుకుంటారు. చలికి దిగిపోయిన ఇంగ్లీష్ హార్న్ ఒక్కటే ఆ ఎత్తుకి చేరలేదు. ఊరందరి ముందూ ఆ పిలుపు అపశ్రుతి పలుకుతుంది. ఇదీ నా లెక్క. మెట్టె వెనకాల నిలబడి చేపలు వేయిస్తూ కూనిరాగం తీస్తోంది. రీడుని తుడిచి పెట్టెలో పెట్టుకున్నాను.

ఆదివారం గాలి ఫియర్డ్ సముద్రపాయ మీద నుంచి తిన్నగా హాల్లోకి కొట్టింది. జనం కోట్లు విప్పలేదు. ఎగిల్ లేచాడు, నా వైపు తల తిప్పాడు. నేను ఊదాను.

ఎగిల్ కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. నా వైపు చూశాడు. నేను అదే స్వరం ఇంకోసారి, ఇంకా స్థిరంగా ఊదాను. శ్రుతి ఇచ్చేవాణ్ణి ప్రశ్నించడం ఏ ఆర్కెస్ట్రాలోనూ లేదు. గంట తప్పు కొట్టావని చర్చి గడియారంతో ఎవరు వాదిస్తారు? ఎగిల్ తన తీగ బిగించాడు, వెనక అందరూ బిగించారు. యెప్పె తన ఓబో రీడుని కొంచెం లోపలికి నొక్కాడు. కర్ర పట్టుకుని మమ్మల్ని నడిపించే హోల్బెక్ వచ్చి నిలబడ్డాడు. మొదలైంది.

పొగమంచు వచ్చింది, పడవలు వెళ్ళాయి, నేను నా వంతు వాయించాను. ఇక పిలుపుకి ముందు యెప్పె ఓబో కింద పెట్టి హార్న్ అందుకున్నాడు. దాని మెడని గుప్పిట్లో రుద్దాడు. రెండుసార్లు చప్పుడు కాకుండా ఊపిరి వదిలాడు. టైము చాల్లేదు. కింద వయొలిన్లు పొగమంచులా పల్చగా ఒక స్వరం పట్టుకుని ఉన్నాయి. వాడు పిలిచాడు.

తక్కువగా పలికింది. స్పష్టంగా, ఎవరికైనా తెలిసేంత తక్కువ. ముందు వరసలో ఒకాయన తల ఎత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో స్వరం, మూడో స్వరం, అన్నీ తక్కువే. నా ఒళ్ళంతా పండగ.

నాలుగో స్వరం దగ్గర ఎగిల్ తన వేలిని తీగ మీద కొంచెం వెనక్కి జరిపాడు.

నేను చూస్తూనే ఉన్నాను. అతని వెనకవాడు జరిపాడు, వాడి వెనకవాళ్ళు జరిపారు. వయోలాలు దిగాయి, చెల్లోలు దిగాయి. ఎవరూ సైగ చేసుకోలేదు, తల తిప్పుకోలేదు. పాడేవాడు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళడం తీగల వాళ్ళ ధర్మం. వాళ్ళు వెళ్ళారు. పావు నిమిషంలో సముద్రం మొత్తం ఆవిడ దగ్గరికి దిగింది. ఇక ఆ గొంతులో దోషం లేదు. అరిగిపోయిన గొంతు, ఎవరూ జవాబివ్వని గొంతు. దానికింద నలభై మంది అణిగిమణిగి నిలబడ్డారు. హాల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. యెప్పె కళ్ళు మూసుకుని ఉన్నాడు.

పిలుపు ముగిసింది. ప్రతిధ్వని నాది.

ఊదగానే తెలిసింది. వాళ్ళంతా కింద ఉన్నారు, నేనొక్కణ్ణే పైన. పెదవి వదులు చేశాను, దవడ దించాను, మెడ కూడా వంచాను. పొట్టి రీడు దిగలేదు. స్వరం వణికింది, మేకపిల్ల అరుపులా అయింది. తీగల వాళ్ళు నా కోసం పైకి రావడానికి వీల్లేదు, వాళ్ళు ఆవిడ ఆఖరి స్వరం పట్టుకుని ఉన్నారు. మూడో వరసలో ఒక చిన్నపిల్ల చెవులు మూసుకుంది. పిల్లలకి మొహమాటం ఉండదు. తీసిన గోతిలోనే పడ్డాను, అదీ ఊరందరూ కోట్లు వేసుకొచ్చి చూస్తుండగా.

చప్పట్లు, పువ్వులు, యెప్పెని మూడుసార్లు లేపారు. బూట్ల చప్పుడుకి స్టేజీ అదిరింది. నా వైపు ఎవరూ చూడలేదు. కోపంగా చూసినా బాగుండేది.

లోపల గదిలో అందరూ నాతో మెత్తగా ఉన్నారు. బసూన్ వాడు నా కోటు తెచ్చి తొడిగాడు, చేతులు లేనివాడికి తొడిగినట్టు. ఎగిల్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మా నాన్నకీ అరవైలోనే మొదలైంది, వాల్డెమార్."

"ఏం మొదలైంది?"

"చెవి" అన్నాడు నెమ్మదిగా.

అరికాలి మంట నెత్తికెక్కింది. చెవా? నా చెవా? వయొలిన్ల మూడో వరసలో తీగ ఒకటి వదులైతే వెన్ను తిప్పి కూర్చుని చెప్పేవాణ్ణి నేను! ఆ మాటే అనబోయాను. అన్నానంటే తర్వాతి ప్రశ్న ఏమిటో అప్పుడు తట్టింది. చెవి బాగుంటే శ్రుతి అలా ఎందుకిచ్చావు? మింగలేక, కక్కలేక కోటు గుండీలు పెట్టుకున్నాను.

ఇంటికి నడుస్తుంటే మెట్టె నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని ఎన్నేళ్ళయిందో.

"ఎప్పటి నుంచి వినపడట్లేదయ్యా? నాకు చెప్పొద్దూ?" అంది. కళ్ళు తుడుచుకుంటోంది. రాత్రి భోజనం దగ్గర "హెర్రింగ్ చేప ఇంకో ముక్క వెయ్యనా?" అని, వీధిలో వెళ్ళేవాడికి కూడా వినిపించేంత గట్టిగా అడిగింది. సోడా ఉప్పు వేళాకోళం చేసిన మనిషి. నేను పళ్ళెం అవతలికి జరిపాను.

సోమవారం పొద్దున్నే బట్టీకి వెళ్ళాను. యెప్పె పై అంతస్తులో ఉంటాడు. రీడులు చెక్కుతున్నాడు, నేను నేర్పినట్టే, కత్తి బొటనవేలికి ఆనించి.

"నా చెవికేం కాలేదు" అన్నాను గుమ్మంలోనే.

"తెలుసు మాస్టారూ. కూర్చోండి."

"ఏం తెలుసు నీకు?"

"శ్రుతి కావాలనే పైకి ఇచ్చారు. పదకొండేళ్ళు మీ పక్కన కూర్చున్నాను. నిద్రలో లేపి అడిగినా మీ స్వరం ఎక్కడుంటుందో చెప్తాను. మీ రీడు కూడా చూశాను. అంత పొట్టిగా కోసినందుకు ఒకప్పుడు నా నెత్తిన మొట్టికాయ వేసింది మీరే."

కూర్చున్నాను.

"మరి తెలిసీ అంత కిందే ఎందుకు వాయించావు?"

"పెదవి బిగిస్తే పైకి చేరేదే. బిగిస్తే ఆవిడ గొంతు పోతుంది. అందుకని నేను నా చోటే ఉన్నాను. వాళ్ళే వచ్చారు."

నేను నేర్పనిది ఇదొక్కటే. నాకే రాదు కనక నేర్పలేదు. ఆ క్షణంలో కూడా, సిగ్గుతో చచ్చిపోతూ కూడా, వాణ్ణి చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను.

"ఎగిల్‌కి ఈ చెవి సంగతి ఎవరు చెప్పారు?"

"నేనే."

"నువ్వా!"

"స్టేజీ దిగగానే ఎగిల్ పళ్ళు కొరుకుతూ అడిగాడు, మీ మాస్టారు ఏం చేశాడిది అని. ఆర్నెల్లుగా చెవి సరిగా లేదు, మొహమాటానికి ఎవరికీ చెప్పట్లేదు అన్నాను. హోల్బెక్ గారికీ అదే చెప్పాను."

"ఎంత ధైర్యంరా నీకు! నన్ను చెవిటివాణ్ణి చేస్తావా?"

కత్తి కింద పెట్టాడు. అప్పటి వరకూ వాడు నాతో అలా సూటిగా చూసి మాట్లాడలేదు.

"ఇంకేం చెప్పమంటారు మాస్టారూ? చెవి పోయిందంటే జాలిపడతారు. బుద్ధి పోయిందంటే?"

కింద బట్టీలో ఎవరో రేకులు దింపిన చప్పుడైంది. నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను.

"నా కుర్చీ కోసం చెప్పావు."

"కుర్చీ కావాలి నాకు. కాదని ఎందుకనాలి? మీ పక్కన కూర్చుని మీరు శ్రుతి ఇస్తుంటే ప్రతిసారీ నాకూ కడుపు మండేది. ఈ విద్య కూడా మీ దగ్గరే నేర్చుకున్నానేమో. కాని ఇలా వస్తుందనుకోలేదు." కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "రేపు రిహార్సల్లో హోల్బెక్ గారు మీతో మాట్లాడతారు. నిజం చెప్పాలనుకుంటే చెప్పండి. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటాను. నన్నూ పంపించేస్తారేమో, పంపించనివ్వండి."

ఇంటికి వచ్చే దారంతా మాటలు కూర్చుకున్నాను. దొంగ శ్రుతి ఇచ్చినవాడితో మళ్ళీ ఎవరూ కలిసి వాయించరు. ఆ సంగతి తెలుసు. అయినా చెవిటివాడన్న పేరు కంటే దుర్మార్గుడన్న పేరే నయమనిపించింది. దుర్మార్గుడికి కనీసం చెవి ఉంటుంది. నా ఇరవయ్యారేళ్ళు ఆ చెవే. దాన్ని వదులుకుంటే నా దగ్గర ఏముంది?

మంగళవారం నేను వెళ్ళేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. మాటలు ఆగిపోయాయి. హోల్బెక్ తన మెట్టు దిగి నా స్టాండు దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి. పక్కవాళ్ళకి వినపడకూడదని గొంతు బాగా తగ్గించాడు.

"స్కోవ్ గారూ, మీరు ఇన్నేళ్ళు మమ్మల్ని నిలబెట్టారు. ఇవాళ్టి నుంచి శ్రుతి యెప్పె ఇస్తే మీకు అభ్యంతరమా? మీరు రెండో కుర్చీలో మా దగ్గరే ఉండండి. ఎవరూ వేరేగా అనుకోరు."

ప్రతి అక్షరం వినపడింది. అదొక్కటే కాదు. వెనకాల ట్రంపెట్ వాడు పక్కవాడితో "పాపం" అనడం వినపడింది. ఎగిల్ ఊరికే సవరించుకుంటున్న రెండో తీగ వెంట్రుకవాసి తక్కువగా ఉండటం వినపడింది. నా జన్మలో ఎప్పుడూ అంత బాగా వినలేదు. "నా చెవికేం కాలేదు" అన్న మాట నాలుక చివర ఉంది.

పక్కకి చూశాను. యెప్పె తల దించుకోలేదు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. నేను ఏమన్నా లేచి నిలబడి ఒప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

నేను అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని హోల్బెక్ వైపు వంగాను.

"కాస్త గట్టిగా చెప్పండి, హోల్బెక్ గారూ. వినపడలేదు."